మంగమారిపేట నుంచి భీమిలి దాకా వసంతపు తీర నడక: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా మాఘం చివర్లోనో ఫాల్గుణంలోనో ఒక ఆదివారం మా నడక బృందం విశాఖపట్నానికి ఉత్తరాన మంగమారిపేటలో మొదలుపెట్టి, ఒడ్డు వెంట భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు దాకా నడుస్తుంది. ఈసారి నడక అయ్యాక ఫోన్లలోనూ మెసేజ్‌ల్లోనూ చాలామంది అవే ప్రశ్నలు అడిగారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా అన్నీ ఒకచోట రాసిపెడితే మేలనిపించింది. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, ముఖ్యంగా తాబేళ్ళ గురించి. అవి తెలియకుండా ఆ ఇసుక మీద అడుగు పెట్టొద్దని మా కోరిక.

మార్చి అంటేనే ఎండ. దీన్ని వసంతపు నడక అంటారేంటి?

ఊళ్ళో వసంతాన్ని మామిడి పూత చూసి, కోయిల కూత విని పోల్చుకుంటాం. ఒడ్డున గుర్తులు వేరు. ఫిబ్రవరి వచ్చేసరికి ఈశాన్యపు గాలి సన్నగిల్లి నైరుతి గాలి అందుకుంటుంది. చలికాలం మొదట్లో దక్షిణానికి పారిన తీర ప్రవాహం ఈ నెలల్లో ఉత్తరానికి మళ్ళుతుంది. మార్చి నాటికి ఒడ్డు దగ్గరి పైనీరు పక్కకు జరిగి, అడుగున ఉన్న చల్లటి నీరు పైకి వస్తుంది. విశాఖ తీరంలో జరిగే ఈ మార్పును ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1950ల నుంచే కొలుస్తూ వచ్చారు. లోతు నుంచి వచ్చే నీటిలో పోషకాలు ఎక్కువ. వాటితో సూక్ష్మజీవులు పెరుగుతాయి, వాటి కోసం చేపలు, చేపల కోసం పక్షులు ఒడ్డుకు దగ్గరగా చేరతాయి.

అదే సమయానికి తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తుంటాయి. జనవరిలో పెట్టిన గుడ్లలోంచి పిల్లలు బయటికి వస్తుంటాయి. చలికాలమంతా మన దగ్గర గడిపిన పక్షులు తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుంటాయి. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఒకే ఒడ్డు మీద ఎదురుపడే నాలుగు వారాలివి. అందుకే నడకను డిసెంబరు చల్లదనానికి మార్చమని ఎంతమంది అడిగినా మార్చలేదు.

ఎంత దూరం? ఎంతసేపు పడుతుంది?

పది పన్నెండు కిలోమీటర్లు. రోడ్డు మీదైతే రెండున్నర గంటల పని. మాకు ఐదు గంటలు పడుతుంది, ఎందుకంటే ప్రతి రాతి గుంట దగ్గరా ఎవరో ఒకరు కూర్చుండిపోతారు. కూర్చోనిస్తాం. తొందరపెట్టే నడక కావాలనుకునేవాళ్ళకు బీచ్ రోడ్డు ఉంది.

తెల్లవారుజామున ఐదున్నరకు మంగమారిపేటలో కలుస్తాం. వెలుతురు వచ్చేసరికి సహజ శిలాతోరణం దగ్గర ఉంటాం. అక్కడి నుంచి సముద్రాన్ని కుడిచేతి వైపు పెట్టుకుని ఉత్తరానికి నడక. మధ్యలో నేవీ స్థలం వచ్చే చోట ఇసుక వదిలి రోడ్డెక్కుతాం. అక్కడ ఫొటోలు తీయొద్దు, కంచె వైపు వెళ్ళొద్దు. ఆ తర్వాత ఎర్రమట్టి దిబ్బలు, చివరికి భీమిలి. పదిన్నరలోపు ముగించాలన్నది నియమం. ఆ తర్వాత ఇసుక కాలుతుంది, చూడాల్సినవన్నీ బొరియల్లోకి పోతాయి.

తేదీ ఇంత ఆలస్యంగా ఎందుకు చెప్తారు?

తేదీని నిర్ణయించేది ఆటుపోట్లు. మన తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఈ వేళలు రోజూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతాయి. పొద్దున్న ఆరున్నర, ఎనిమిది మధ్య నీరు బాగా వెనక్కి తగ్గే ఆదివారం మాకు కావాలి. అప్పుడే తోరణం చుట్టూ ఉన్న రాళ్ళు బయటపడతాయి, తడి ఇసుక గట్టిగా ఉండి నడక తేలికవుతుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రం, అదే ఇన్‌కాయిస్, ఆటుపోట్ల అంచనాలనూ పెద్ద అలల హెచ్చరికలనూ ముందుగా ఇస్తుంది. అవి చూసుకునే తేదీ ఖాయం చేస్తాం. అలల హెచ్చరిక వస్తే ఆఖరి నిమిషంలోనైనా రద్దు చేస్తాం.

కొన్నేళ్ళ క్రితం ఒకసారి లెక్క తప్పి గంట ఆలస్యంగా బయల్దేరాం. రాళ్ళ దగ్గర ఉండగానే నీరు పెరిగింది. ఎనిమిది మందిమి మోకాలి లోతు నీళ్ళలో, పాకుడు రాళ్ళ మీద, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని బయటికొచ్చాం. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, ఆ భయం ఇంకా పోలేదు. అప్పటి నుంచి సముద్రం వేళకే మా వేళ.

ఈసారి ఏం కనిపించాయి?

శిలాతోరణం దగ్గర సన్యాసి పీతలు లెక్కలేనన్ని. రాతి గుంటల్లో సముద్రపు పూలు, నల్లటి ముళ్ళబంతుల్లాంటి సీ అర్చిన్లు, ఒక చిన్న ఆక్టోపస్. ఇసుక మీద ఎర్ర పీతల బారులు. తాబేలు పైకెక్కి దిగిన జాడ ఒకటి. దాని పక్కన అప్పటికే అటవీ శాఖ కాపలా మనిషి ఉన్నాడు. చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్ళు రెండు. ఆకాశంలో గరుడపక్షులు, ఒక జత తెల్లపొట్ట సముద్రపు గద్దలు. గోస్తనీ దగ్గర ఉల్లంకి పిట్టల గుంపు, బూడిదరంగు కొంగలు, నలుపు తెలుపుల లకుముకి. ఎర్రమట్టి దిబ్బల దగ్గర పసిరిక పిట్టలు, ఒక పాలపిట్ట. సరుగుడు తోట దాటాక రెండు ముంగిసలు రోడ్డుకు అడ్డంగా పరుగెత్తాయి. డాల్ఫిన్లు కనిపించలేదు. అంతకుముందు ఏడాది కనిపించాయి.

తాబేలు గుడ్లు పెట్టడం చూడొచ్చా?

మా నడకలో చూడలేరు. చూపిస్తామని మేం చెప్పం కూడా. మన తీరానికి ఎక్కువగా వచ్చేవి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు. రెండడుగుల పొడవు, నలభై కిలోల అటూ ఇటూ బరువు. ఒడిశాలో రుషికుల్య, గహీర్‌మఠ తీరాలకు ఇవి లక్షల్లో ఒకేసారి వస్తాయి. మన దగ్గర ఒక్కొక్కటిగా, రాత్రిపూట వస్తాయి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఈ కాలం.

ఆడ తాబేలు పోటు నీరు అందని చోటు దాకా పాకి, వెనక కాళ్ళతో మూరెడు లోతు గుంట తవ్వుతుంది. కుండలాగా అడుగున వెడల్పు, మూతి దగ్గర సన్నం. అందులో సుమారు వంద గుడ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పెడుతుంది. పింగ్‌పాంగ్ బంతుల్లా తెల్లగా, గుండ్రంగా, మెత్తటి పెంకుతో ఉంటాయి. ఇసుక కప్పేసి, ఒళ్ళంతా అటూ ఇటూ ఊపుతూ డిప్పతో ఆ చోటును దిమ్మిసా కొట్టినట్టు కొట్టి గట్టిపరుస్తుంది. గంటలోపే ఇదంతా ముగించి సముద్రంలోకి వెళ్ళిపోతుంది. మళ్ళీ వెనక్కి చూసుకోదు. పిల్లలు తమంతట తాము నలభై ఐదు నుంచి అరవై రోజుల్లో బయటికి వస్తాయి. అందులో ఆడవి ఎన్ని, మగవి ఎన్ని అన్నది ఇసుక వేడి నిర్ణయిస్తుంది. ఇసుక వేడెక్కే కొద్దీ ఆడపిల్లలు ఎక్కువవుతాయి.

గుంట తవ్వేటప్పుడు టార్చి వెలుగు పడినా, మనుషుల అలికిడి అయినా తాబేలు గుడ్లు పెట్టకుండానే తిరిగి వెళ్ళిపోగలదు. అంత దూరం ఈదుకుంటూ వచ్చిన ప్రాణిని మన సెల్ఫీ కోసం వెనక్కి పంపే హక్కు ఎవరికీ లేదు. కాబట్టి రాత్రి నడకలు పెట్టం. పొద్దున్నే జాడలు చూస్తాం, అవే బోలెడు కథ చెప్తాయి. ట్రాక్టరు టైరు నడిచినట్టు రెండు వైపులా గీతలు, మధ్యలో డిప్ప ఈడ్చిన చదును. కుడి ఎడమ కాళ్ళ గుర్తులు ఎదురెదురుగా కాకుండా మార్చి మార్చి పడి ఉంటే అది రిడ్లే. వచ్చిన దారి ఒకటి, పోయిన దారి ఒకటి, ఆ రెండూ కలిసే చోట కలబెట్టిన ఇసుక. ఆ ఇసుక మీద కాలు పెట్టకండి.

పిల్లల్ని సముద్రంలోకి వదిలే దృశ్యం చూడాలని ఉంటే మార్చి, ఏప్రిల్ నెలల్లో అటవీ శాఖవాళ్ళ సంరక్షణ కేంద్రాల దగ్గర వీలవుతుంది. ఒడ్డున దొరికిన గుడ్లను తెల్లవారకముందే తెచ్చి, వలకట్టిన ఆవరణలో అదే లోతున పాతిపెడతారు. ఆ పని చేసేవాళ్ళలో మత్స్యకార గ్రామాల మనుషులే ఎక్కువ. రాత్రంతా ఒడ్డు వెంట తిరిగి, కుక్కల కన్నా ముందు గూడు పట్టుకోవాలి. వాళ్ళను చూసినప్పుడు ఒక్క మాటైనా పలకరించి వెళ్ళండి.

దారితప్పిన తాబేలు పిల్ల కనిపిస్తే చేత్తో తీసుకెళ్ళి నీళ్ళలో వదలొచ్చా?

వదలకండి. గూడు నుంచి నీటి దాకా ఆ ఇసుక మీద పాకడం దానికి అవసరం. పెద్దయ్యాక తాను పుట్టిన తీరానికే తిరిగి రావడానికి అవసరమైన గుర్తులు అప్పుడే పట్టుకుంటుందని శాస్త్రవేత్తలు అంటారు. మీరు చేయాల్సింది దాని దారిలోంచి తప్పుకోవడం, మనుషుల కాళ్ళు, కుక్కలు, కాకులు అటు రాకుండా చూడటం.

పిల్ల సముద్రం వైపు కాకుండా రోడ్డు వైపు పోతుంటే కారణం దాదాపు ఎప్పుడూ దీపాలే. చీకట్లో నీటి మీది ఆకాశం నేల మీదికన్నా వెలుగ్గా ఉంటుంది. ఆ వెలుగు వైపు పోవాలని పుట్టుకతోనే వాటికి తెలుసు. రిసార్టు దీపాలు, రోడ్డు దీపాలు ఆ లెక్క తారుమారు చేస్తాయి. అలాంటి పిల్లలు కనిపిస్తే ఫోన్ వెలుగు ఆపేసి, దగ్గర్లోని కాపలా మనిషికో అటవీ శాఖ కార్యాలయానికో చెప్పండి. ఆలివ్ రిడ్లే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉంది. గుడ్లు తీయడం, పిల్లల్ని పట్టుకోవడం, ఇంటికి తెచ్చుకోవడం నేరం. మంచి ఉద్దేశంతో బకెట్లో వేసుకున్నవాళ్ళనూ మేం చూశాం. ఆ పిల్లలు బతకలేదు.

చచ్చిన తాబేళ్ళు అంతగా ఎందుకు కనిపిస్తాయి?

మొదటిసారి వచ్చినవాళ్ళను అన్నిటికన్నా ఎక్కువగా కదిలించేది ఇదే. పిల్లలతో వచ్చే తల్లిదండ్రులు ముందే సిద్ధంగా ఉండటం మంచిది. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే ప్రాణి. గుడ్లు పెట్టే కాలంలో ఒడ్డుకు దగ్గరగా గుంపులుగా ఉంటుంది. మర పడవలు ఈడ్చే ట్రాల్ వలలో చిక్కుకుంటే, వల గంటల తరబడి నీళ్ళ అడుగునే ఉండటంతో ఊపిరాడక చనిపోతుంది. వల పైకి తీశాక తిరిగి సముద్రంలోకి వేస్తారు. అలలు దాన్ని మన కాళ్ళ దగ్గరికి తెస్తాయి.

దీనికి దారి లేకపోలేదు. వల మెడలో ఇనుప కడ్డీల చట్రం ఒకటి బిగిస్తే చేపలూ రొయ్యలూ దాటి లోపలికి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనున్న సందులోంచి బయటపడుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ మన జలాలకు సరిపోయే నమూనా తయారుచేసింది. ఇది అమలు కావడం లేదన్న కారణంతోనే 2019లో అమెరికా మన సముద్రపు రొయ్యల దిగుమతి ఆపేసింది. వలవాళ్ళ వాదన కూడా వినాలి: ఆ సందులోంచి పట్టులో కొంత జారిపోతుందని వాళ్ళ బాధ. రోజు కూలీ మీద బతికే కళాసీకి ఆ నష్టం చిన్నది కాదు. ఆ నష్టాన్ని ప్రభుత్వం భరించాలని మా అభిప్రాయం. తెప్పల మీద వేటకెళ్ళే చిన్న మత్స్యకారులను దీనికి నిందించడం మాత్రం అన్యాయం. తమ వలలో తాబేలు పడితే, ఖరీదైన వల కోసి మరీ వదిలేసినవాళ్ళను మేం కళ్ళారా చూశాం.

రాతి గుంటల్లో ఏం చూడాలి? మాకు నీళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు.

గుంట ముందు గొంతుక్కూర్చోండి. మీ నీడ నీటి మీద పడనివ్వకండి. రెండు నిమిషాలు కదలకండి. నడిచే గవ్వ ఒకటి ముందుగా కంటబడుతుంది. అది సన్యాసి పీత. దాని పొట్ట భాగం మెత్తన, రక్షణ లేదు, అందుకని చచ్చిన నత్త గుల్లలో దూరి దాన్నే ఇల్లు చేసుకుంటుంది. ఒళ్ళు పెరిగినప్పుడల్లా పెద్ద ఇల్లు వెతుక్కోవాలి. ఈసారి ఒక గుంటలో ఒకటి పాత గుల్ల వదిలి కొత్తదాంట్లోకి మారడం చూశాం. రెప్పపాటులో అయిపోయింది. పదేళ్ళ పాప ఒకతి మాత్రమే పూర్తిగా చూసింది. మిగతావాళ్ళం అప్పటికి ఫోన్ల కోసం జేబులు తడుముకుంటున్నాం.

రాతి గోడకు అంటుకుని, ముట్టుకుంటే ముడుచుకునే జిగురు ముద్దలు సముద్రపు పూలు, అంటే ఎనిమోన్లు. నీటిలో ఉన్నప్పుడు రేకులు విప్పుకుంటాయి. ఆ రేకులు చేపపిల్లల్ని కుట్టి పట్టే చేతులు. పక్కనే చిన్న గుండీలు పరిచినట్టు ఆకుపచ్చగా, గోధుమరంగుగా ఉండేవి జోవాంథిడ్లు. వాటి మీద కాలు పెట్టకండి, చేత్తో రుద్దకండి. కొన్నిటిలో విషం ఉంటుంది. రాతికి తెల్లటి చిన్న అగ్నిపర్వతాల్లా అతుక్కున్నవి బార్నకిల్స్. చూడ్డానికి నత్త గుల్లల్లా ఉన్నా అవి పీతలకూ రొయ్యలకూ చుట్టాలు. అరికాళ్ళు కోసేవి కూడా అవే. రాయి మీంచి రాయి మీదికి గెంతే బొటనవేలంత చేపలు కనిపిస్తే ఆశ్చర్యపోకండి. నీరు తగ్గినా తడి ఉన్నంతసేపూ అవి రాళ్ళ మీద ఉండగలవు.

ఈ రాళ్ళు ఖోండలైట్. మన తూర్పు కనుమల రాయే సముద్రం దాకా వచ్చింది. ఖోండ్ గిరిజనుల పేరు మీదే దానికా పేరు. అలలు మెత్తటి పొరలను తొలిచి, గట్టి పొరను పైన వదిలితే తోరణమైంది. దాని మీదికి ఎక్కకండి.

ఇసుకలో నల్లటి చారలున్నాయి. ఓడల నుంచి కారిన చమురా?

చమురు కాదు. చేతిలోకి తీసుకుంటే మామూలు ఇసుక కన్నా బరువు తెలుస్తుంది. నల్లవి ఎక్కువగా ఇల్మనైట్ రేణువులు, గులాబీ ఎరుపువి గార్నెట్. కొండరాళ్ళు అరిగి కిందికి వచ్చిన బరువైన ఖనిజాలివి. అల తేలిక ఇసుకను లాక్కుపోయి బరువైనదాన్ని వదిలేస్తుంది. అందుకే ముగ్గు వేసినట్టు చారలు.

ఎర్ర పీతలు మనల్ని చూసి ఎందుకు మాయమవుతాయి?

కాడల మీద నిలబడ్డ కళ్ళు వాటివి, అన్ని వైపులా చూస్తాయి. మన అడుగుల అదురు ఇసుకలోంచి తెలుస్తుంది. గోతిలోకి దూరితే మూడడుగుల లోతు దాకా పోగలవు. ఒకచోట కదలకుండా ఐదు నిమిషాలు నిలబడితే మళ్ళీ ఒక్కొక్కటే బయటికి వస్తాయి. మొప్పలు తడుపుకోవడానికి నీటి అంచు దాకా పరుగెత్తి, అల తగలగానే వెనక్కి వస్తాయి. గోతుల చుట్టూ ఆవగింజల్లాంటి ఇసుక ఉండలు చక్కగా పేర్చి కనిపిస్తే అవి వేరే పీతలవి. ఇవి వేలి గోరంత కూడా ఉండవు. ఇసుకను నోట్లో జల్లెడపట్టి, తిండి తీసుకుని, మిగిలినదాన్ని ఉండ చుట్టి పడేస్తాయి. ఒక్క పోటు వస్తే అంతా తుడిచిపెట్టుకుపోతుంది. మళ్ళీ మొదలుపెడతాయి.

ఒడ్డు మీద కారూ జీపూ నడిపేవాళ్ళకు మా విన్నపం ఒక్కటే: ఆ టైరు కింద ఊళ్ళకు ఊళ్ళే ఉన్నాయి.

పక్షుల గురించి ఏమీ తెలియదు. బైనాక్యులర్ కొనాలా?

అవసరం లేదు, బృందంలో రెండు ఉన్నాయి, అందరూ పంచుకుంటాం. తెలుసుకోవాల్సింది ఒక్కటే: మార్చిలో పక్షులు బట్టలు మారుస్తాయి. చలికాలమంతా మట్టిరంగులో, ఒకదాన్నుంచి ఇంకోదాన్ని పోల్చుకోలేనట్టుండే చిన్న ఉల్లంకి పిట్టల ఛాతీ మీద ఇటుక రంగు పట్టీ తేలుతుంది, కళ్ళకు నల్ల గంతలు కట్టినట్టవుతుంది. ఇంకొన్ని వారాల్లో ఇవి టిబెట్, మధ్య ఆసియా ఎత్తుల్లో గూళ్ళు కట్టడానికి బయల్దేరతాయి. చెవి దగ్గర చిన్న నల్ల చుక్కతో ఉండే గల్ పక్షుల తలంతా కాఫీ గింజ రంగుకు తిరుగుతుంది. ఇవి లడాఖ్, టిబెట్ సరస్సుల దగ్గర పిల్లల్ని చేసేవి. గోస్తనీ ముఖద్వారం దగ్గర బురద మేటల మీద ఒకే గుంపులో పాత బట్టల్లో కొన్ని, కొత్త బట్టల్లో కొన్ని కనిపిస్తాయి. వాటి మధ్యలోంచి నడవకండి, చుట్టూ తిరిగి వెళ్ళండి. ఇంత దూరం ఎగరడానికి కొవ్వు కూడబెట్టుకుంటున్నాయి. మనం లేపిన ప్రతిసారీ అందులో కొంత ఖర్చవుతుంది.

ఇక్కడే ఉండిపోయేవీ ఉన్నాయి. చేపలు ఆరబెట్టే చోట తిరిగే, తెల్ల తల, ఇటుక రంగు రెక్కల పక్షిని మనవాళ్ళు గరుడపక్షి అని దణ్ణం పెట్టుకుంటారు. దానికన్నా బాగా పెద్దది, కింది నుంచి చూస్తే తెల్లగా, రెక్కల అంచులు నల్లగా, రెక్కలు పైకెత్తి ఎగిరేది తెల్లపొట్ట సముద్రపు గద్ద. ఈసారి జతలో ఒకటి నీటి మీదికి వాలి కాళ్ళతో ఒక పామునో పాములాంటి చేపనో పట్టుకెళ్ళింది. నీటి మీద ఒకేచోట హెలికాప్టర్‌లా నిలబడి రెక్కలాడించి నిలువునా దూకేది నలుపు తెలుపుల లకుముకి. సరుగుడు తోటల్లో, జీడిమామిడి తోటల్లో పసిరిక పిట్టలు తేనెటీగల్ని గాల్లోనే పట్టి, కొమ్మకేసి బాది తింటాయి.

ఎర్రమట్టి దిబ్బలు అంటే మట్టి కొండలేనా? అక్కడ ఎందుకంతసేపు ఆగుతారు?

అవి కొండలు కాదు, గాలీ నీరూ తెచ్చిపోసిన ఇసుక. హిమయుగాల్లో భూమి మీది నీటిలో కొంత మంచుగా గడ్డకట్టినప్పుడు సముద్ర మట్టం ఇప్పటికన్నా నూరు మీటర్లకు పైగా కిందికి పోయింది. ఒడ్డు చాలా దూరం జరిగి, బయటపడిన సముద్రపు అడుగు మీది ఇసుకను గాలి ఇటు మోసింది. వేల ఏళ్ళలో అందులోని ఇనుము తుప్పులాగా మారి రేణువు రేణువుకూ పూత పట్టింది. ఆ ఎరుపు అదే. తర్వాత వానలు వాగులై కోసి లోతైన గల్లీలు చేశాయి. ఇలాంటివి తమిళనాడులో తేరి అనే ఎర్ర ఇసుక నేలల్లోనూ, శ్రీలంకలోనూ ఉన్నాయి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలోకీ చేరింది.

గుర్తింపులు వచ్చాయి, అంచులు మాత్రం తరుగుతూనే ఉన్నాయి. మా బృందం మొదలైనప్పుడు చూసిన ఒక దిబ్బ ఇప్పుడు చదును నేల. ఈ మట్టి రాయిలా కనిపిస్తుంది గానీ రాయి కాదు. అంచున నిలబడితే మనిషితో సహా జారుతుంది. గోడ మీద పేరు చెక్కితే వచ్చే వానకు అక్కడి నుంచే కోత మొదలవుతుంది. లోపలి దారుల్లో ఒకరి వెనక ఒకరుగా నడుస్తాం, అంచులు ఎక్కం. గోడల్లోని సన్నటి గూళ్ళు పసిరిక పిట్టలవి కావచ్చు. ఫిబ్రవరి, మార్చిల్లో అవి గోడ తొలిచి గూడు చేస్తుంటాయి. వేలు పెట్టి చూడొద్దు.

నీలం రంగు బిళ్ళలు, జెల్లీఫిష్ ముట్టుకోవచ్చా?

రూపాయి బిళ్ళంత, చుట్టూ నీలి కుచ్చులున్నది పోర్పిటా. దానివల్ల పెద్ద ప్రమాదం లేదు, అయినా ముట్టుకోకండి. గాలి నింపిన నీలి బుడగ, దాని కింద పొడవాటి దారాలు ఉంటే దూరం జరగండి. ఒడ్డున ఎండినట్టున్నా ఆ దారాలు కుడతాయి. కుడితే రుద్దకండి, సముద్రపు నీటితోనే కడిగి, ఓర్చుకోగల వేడినీళ్ళలో ఉంచి డాక్టరు దగ్గరికి వెళ్ళండి. వలల్లోంచి ఇసుక మీద పడ్డ సముద్రపు పాము కదలకపోయినా దగ్గరికి పోవద్దు. తోక తెడ్డులా చదునుగా ఉంటే అది సముద్రపు పామే, విషం ఎక్కువ.

ఒకటి రెండు గవ్వలు తెచ్చుకుంటే తప్పేంటి?

ఖాళీ గుల్ల సన్యాసి పీతకు ఇల్లు. ఇరవై మందిమి తలా రెండు తీసుకుంటే నలభై ఇళ్ళు. కొన్ని రకాల శంఖాలు, గవ్వలు, పగడాలు చట్టప్రకారం రక్షిత జాబితాలో ఉన్నాయి కూడా. ఒడ్డు నుంచి ఇంటికి తేదగింది ప్లాస్టిక్ ఒక్కటే. ముఖ్యంగా తెగిన నైలాన్ వల ముక్కలు. దానికి సంచులు మేమిస్తాం.

నడక మధ్యలో స్నానానికి దిగొచ్చా?

దిగనివ్వం. విశాఖ ఒడ్డు చూడ్డానికి ఎంత శాంతంగా ఉన్నా, అలలు తెచ్చిన నీరు సందులు చూసుకుని వేగంగా వెనక్కి లాగుతుంది. రెండు పక్కలా అలలు విరుగుతూ మధ్యలో నున్నగా, ముదురుగా కనిపించే నీరే అన్నిటికన్నా ప్రమాదం. ఎప్పుడైనా అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకండి, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి.

పిల్లలు, పెద్దవాళ్ళు, పెంపుడు కుక్క?

ఎనిమిదేళ్ళు దాటిన పిల్లలు పెద్దవాళ్ళతో రావచ్చు. చూపు విషయంలో వాళ్ళే మాకు దారి చూపిస్తారు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలు తోరణం దగ్గర రాళ్ళు ఎక్కకుండా ఇసుక మీదే ఉండి, తర్వాత బస్సులో ఎర్రమట్టి దిబ్బల దగ్గర కలవొచ్చు. బీచ్ రోడ్డు మీద 900కె సిటీ బస్సు భీమిలి దాకా ఉంటుంది. కుక్కల్ని మాత్రం తేవద్దు. ఎంత మంచి కుక్కైనా తాబేలు గూడు వాసన పడితే తవ్వుతుంది.

ఏం తెచ్చుకోవాలి?

రెండు లీటర్ల నీళ్ళు, టోపీ, తడిసినా పట్టు జారని చెప్పులు లేదా బూట్లు, పులిహోరో ఇడ్లీలో స్టీలు డబ్బాలో. ఒడ్డున మరుగుదొడ్లు లేవు. ఉన్నవి దారి మొదట్లోనూ భీమిలిలోనూ. డబ్బు కట్టక్కర్లేదు, భీమిలిలో కొబ్బరిబొండానికి తప్ప. డ్రోన్, పాటల స్పీకరు వద్దు.

మత్స్యకార పల్లెల్లోంచి వెళ్ళేటప్పుడు ఎలా మసలుకోవాలి?

ఎవరి ఇంటి వాకిట్లోంచో వెళ్తున్నట్టు. ఇసుక మీద పరిచిన నెత్తళ్ళు, కవ్వళ్ళు లాంటి చేపలు వాళ్ళ సంపాదన. చుట్టూ తిరిగి వెళ్ళాలి, ముక్కు మూసుకోకూడదు. తెప్పల మీద, వలల మీద చెప్పుకాళ్ళతో అడుగు పెట్టకూడదు. అలివి వల లాగుతుంటే అడిగి ఓ చెయ్యి వేయొచ్చు. ఈసారి మావాళ్ళు ఆరుగురు అరగంట లాగారు. వల ఒడ్డుకొచ్చాక అందులో ఏముందో ఒక తాత ఒక్కొక్కటి ఎత్తి పేర్లు చెప్పాడు. పుస్తకాల్లో దొరకని పేర్లు సగం అప్పుడే మా నోటు పుస్తకంలోకి ఎక్కాయి. ఫొటో తీసేముందు అడగండి, వద్దంటే ఆపేయండి. చేప కొనాలనుంటే బేరం మరీ గీచి ఆడకండి.

ఈ ఏడు తప్పిపోయాం. మళ్ళీ ఎప్పుడు?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మర పడవల వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం. పడవలన్నీ ఒడ్డెక్కి, రంగులు వేయించుకుంటూ, వలలు బాగుచేసుకుంటూ ఉంటాయి. ఏప్రిల్ చివర్లో భీమిలిలో ఒక చిన్న సాయంత్రపు నడక పెడతాం: డచ్చివాళ్ళ సమాధుల నుంచి దీపస్తంభం మీదుగా గోస్తనీ దాకా, రెండు కిలోమీటర్లు. ఉల్లంకి పిట్టల్లో ఎన్ని మిగిలాయో లెక్కపెట్టి రావడమే పని. పెద్ద నడక మళ్ళీ వచ్చే ఫాల్గుణంలో. ఆటుపోట్ల పట్టిక చూసి, పది రోజుల ముందు చెప్తాం.